ఒట్టు తీసి గట్టున పెట్టాను

చిన్నా,

ఫోన్లో అయితే సగంలో ఏడ్చేస్తాను, నువ్వు "ఏం లేదులేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. కేస్ షీట్లు రాసీ రాసీ నా చేతిరాత ఎప్పుడో పాడైంది, అర్థం కాకపోతే పెద్దది చేసుకుని చదువు.

మొన్న ఆదివారం వీడియో కాల్లో మాట్లాడుతూ నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లావు. ఫ్రిజ్‌కి నేను తగిలించి వచ్చిన వెంకట్రామా క్యాలెండరు కనపడింది. మత్తు బిళ్లల అలవాటు మాన్పించడానికి క్లినిక్ వాళ్లిచ్చిన బుప్రెనార్ఫిన్ ఫిల్మ్ నాలుక కింద పెట్టుకున్న రోజు ఎర్ర పెన్నుతో టిక్కు కొట్టమన్నాను కదా. 9వ తేదీ దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. పెన్ను మాత్రం దారానికి వేలాడుతూనే ఉంది. ముప్పై ఏళ్లు వార్డులో మందుల చార్టులు చూసినదాన్ని, ఖాళీ గడి ఉంటే నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

కాల్ పెట్టేసే ముందు "అమ్మా, నీకొకటి చెప్పాలి" అన్నావు. చెప్పు నాన్నా అంటే, "ఏం లేదులే, మళ్లీ చెప్తా" అన్నావు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి అర్థమైంది, నీ నోరు కట్టేసింది నేనేనని.

అమెరికాలో మీ కొలంబస్ వచ్చి నిన్ను హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజు నేనేం చేశానో గుర్తుందా? నీ చెయ్యి నా తల మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. మళ్లీ ఆ మత్తు బిళ్ల ముట్టుకుంటే నా చావు చూసినట్టేనని అన్నాను. నువ్వు వణుకుతూ సరేనన్నావు. అది మత్తు ఆగినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ వణుకో, నా మాటకు వణుకో అప్పుడు ఆలోచించలేదు. నర్సునై ఉండి ఆ పని చేశాను చూడు! ఇక బీపీ పెరగనివ్వనని పేషెంటు చేత ఎవరైనా ఒట్టు వేయించుకుంటారా? బీపీ పెరిగితే వచ్చి చెప్పమంటాం, అంతే.

చిన్నప్పుడు నువ్వూ అక్కా పోట్లాడుకుని ఒట్లు పెట్టుకుని, పది నిమిషాలకే "ఒట్టు తీసి గట్టున పెట్టు" అనుకునేవాళ్లు. ఇప్పుడు నేనంటున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టాను. జారి ఉంటే జారానని చెప్పు. నాకేం కాదు. నా బీపీకి, షుగరుకి వేరే కారణాలు చాలా ఉన్నాయి, మీ నాన్నతో సహా.

ఎందుకింత పట్టుబట్టి రాస్తున్నానంటే, దాచుకోవడం దగ్గరే ప్రాణం పోయేది. ఎవరైనా కొన్నాళ్లు మానేస్తే ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. ఒంటికి ఆ అలవాటు పోయి ఉంటుంది, మనసు మాత్రం పాత లెక్కనే గుర్తుపెట్టుకుంటుంది. నిరుడు తట్టుకున్న మోతాదే ఈసారి ఊపిరి ఆపేస్తుంది. డీఅడిక్షన్ సెంటర్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాలు అందుకే అంత ప్రమాదం. 9 నుంచి నీ లెక్క ఎంతయిందో నేను వేళ్ల మీద వేసుకుంటున్నాను.

పైగా ఆ నీలం బిళ్ల. మోకాలి లిగమెంటు ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసినవి అసలైన నొప్పి బిళ్లలే. చీటీ అయిపోయాక స్నేహితుడి స్నేహితుడు తెచ్చిచ్చినవి చూడటానికి మాత్రమే అలా ఉంటాయి. ఒక పక్క ఎం అక్షరం, ఇంకో పక్క 30, లోపల ఫెంటనిల్ అనే గట్టి మత్తుమందు. మా ఆపరేషన్ థియేటర్లో దాన్ని మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల అంపూల్స్‌లో చూసేదాన్ని. మత్తు డాక్టరు పేషెంటు తల దగ్గరే నిలబడి, ఊపిరి చూసుకుంటూ ఇచ్చేవారు. అలవాటు లేని మనిషికి 2 మిల్లీగ్రాములు చాలు, ప్రాణం పోవడానికి. పది పదిహేను ఉప్పు రవ్వలంత. వంటింట్లో దాన్ని బిళ్లలుగా ఒత్తేవాడి దగ్గర తక్కెడ ఉంటుందా? 2023 ఒక్క ఏడాదే ఆ దేశంలో ఓవర్‌డోస్‌తో లక్ష దాటి పోయారు. మన కావలి ఊరంత జనం.

నీకు ఓవర్‌డోస్ అయిన ఆ రాత్రి నీ రూమ్మేట్ నీది గురక అనుకున్నాడట. తర్వాత గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు చప్పుడు మారిందట. లైటు వేసి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. "ఆంటీ, రెండు నిమిషాలు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, పోలీసులొస్తే వీసా ఏమవుతుందోనని" అని నా దగ్గర ఏడ్చాడు. ఆ అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు, నువ్వూ అనకు. సాయానికి ఫోన్ చేసినవాళ్లకు ఒహాయోలో చట్టం కొంత రక్షణ ఇస్తుందని తర్వాత తెలిసింది. ఊపిరి అందని మనిషికి మాత్రం రెండు నిమిషాలు చాలా ఎక్కువ. అయినా 911కి చేశాడు, సొరుగులోంచి ఆ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే తీసి ఒక ముక్కులో కొట్టాడు. మూడు నిమిషాలు చూసి రెండోది కొట్టాడు.

ఆ మందు పేరు వినగానే నాకు లేబర్ రూమ్ గుర్తొచ్చింది. పురిటి నొప్పులకు పెథిడిన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన తల్లికి పుట్టిన బిడ్డ ఒక్కోసారి ఊపిరి తీయకుండా నీలంగా అయిపోయేది. అంబూ బ్యాగుతో గాలి కొడుతూనే ఎమర్జెన్సీ ట్రేలోంచి నాలోక్సోన్ తీసేవాళ్లం. కాసేపటికి కెవ్వుమనేది. ఊరివాళ్ల బిడ్డలకి ఎక్కించిన మందే ఒకనాటికి నా బిడ్డ ముక్కులో కొడతారని కలలోనైనా అనుకున్నానా!

అక్కడ 2023 నుంచి దాన్ని చీటీ లేకుండానే అమ్ముతున్నారు, ప్రాజెక్ట్ డాన్ అనే ఒహాయో ఆరోగ్యశాఖ పథకం వాళ్లు ఊరికే కూడా ఇస్తారు. నువ్వు వాడకపోయినా రెండు పెట్టెలు ఇంట్లో ఉండాలి, అందరికీ కనపడేచోట. దాని పని అరగంట, గంటన్నర లోపల తగ్గిపోతుంది, ఒంట్లో ఉన్న ఫెంటనిల్ మళ్లీ ఊపిరి నొక్కొచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని హాస్పిటల్ మానకూడదు. ఈ ముక్క నీ రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించు.

ఆక్రన్ వెళ్లిన రోజు గుర్తుందా? మీ మత్తు మానినవాళ్ల మీటింగ్‌లో నీకు స్పాన్సరుగా, అంటే తోడుండి దారి చూపేవాడిగా ఉన్న పెద్దాయన మనిద్దరినీ కారులో తీసుకెళ్లి, తాగుడు మానేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ బాబ్ ఇల్లు చూపించాడు. 1935లో మదర్స్ డే ముందురోజు ఆ డాక్టరు భార్య కోసం పూలకుండీ పట్టుకుని తప్పతాగి ఇంటికొచ్చి పడిపోయాడట. మర్నాడు బిల్ అనే ఇంకో తాగుబోతును కలవడానికి పావుగంటకే ఒప్పుకున్నాడు, తీరా చూస్తే ఆరు గంటలు దాటాయి. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. లేదట. కొన్ని వారాలకే డాక్టర్ల సభ కోసం వేరే ఊరు వెళ్లి మళ్లీ తాగొచ్చాడు. అప్పుడు బిల్ వాళ్లింట్లోనే ఉంటున్నాడు. ఒట్టు వేయించుకోలేదు, తిట్టలేదు. జూన్ 10న ఆయన ఆపరేషన్ చేయాల్సి ఉంది, చేతులు వణుకుతున్నాయి, నిలబడటానికి బిల్లే ఒక బీరు ఇచ్చాడట. ఆ పేషెంటు సంగతి తలుచుకుని నేను గుండె పట్టుకుంటే మీ పెద్దాయన పగలబడి నవ్వాడు. అదే ఆయన ఆఖరి తాగుడు, ఆ రోజునే వాళ్లు తమ సంఘం పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటారు. నువ్వు ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పెద్దాయనకి ఫోన్ చెయ్యి. నాకంటే ముందు ఆయనకే చెయ్యి, నేనేమీ అనుకోను.

క్లినిక్‌కి కూడా వెళ్లు. ఫిల్మ్ నీ అంతట నువ్వు మళ్లీ మొదలుపెట్టకు. మధ్యలో ఆ బిళ్ల వేసి ఉంటే, దాని మీద వెంటనే ఫిల్మ్ పెడితే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఏ రోజు ఏం వేశావో ఉన్నదున్నట్టు చెప్పు, ఎప్పుడు పెట్టాలో వాళ్లు చెప్తారు. "ఒక మత్తు మాని ఇంకో మత్తు" అని మీ బాబాయి అన్న మాట పట్టించుకోకు. ఆయన ఇన్సులిన్ గురించీ అలాగే మాట్లాడతాడు.

ఇంకొకటి రాయాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎప్పుడైనా ఆగలేకపోతే, ఒంటరిగా తలుపేసుకుని మాత్రం వద్దు. నెవర్ యూజ్ అలోన్ అని ఒక ఫోన్ లైన్ ఉంది. వాళ్లు తిట్టరు, లైన్లోనే ఉంటారు, నువ్వు పలకకపోతే సాయం పంపిస్తారు. కన్నతల్లి రాయాల్సిన మాటేనా ఇది అని నిన్న కాగితం చింపేశాను. ఇవాళ మళ్లీ రాశాను.

ఇక్కడి సంగతి. నీకు డెంగ్యూ అని అందరికీ చెప్పాం కదా, ఆ అబద్ధం మొయ్యలేక పోయిన నెల మీ పెద్దమ్మకు నిజం చెప్పేశాను. ఆవిడ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుని, మీ పెదనాన్న తాగుడు గురించి ముప్పై ఏళ్లకు మొదటిసారి నోరు విప్పింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు మేమిద్దరం ఎంత సంబరపడ్డామో! కొట్టు మీదకి వెళ్లడం తెలిసింది గానీ, ఇంట్లో తాగే మనిషితో కూర్చుని మాట్లాడటం ఎవరికి తెలుసు? ఇప్పుడు బుధవారాలు మేమిద్దరం నా ఫోన్లో ఇంటివాళ్ల మీటింగ్ వింటున్నాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు సగమే అర్థమవుతుంది. మీ నాన్న వార్తలు పెట్టుకుని హాల్లో కూర్చుంటారు, కానీ మీటింగ్ మొదలవగానే టీవీ సౌండు తగ్గిస్తున్నారు.

రేపు ఉదయం ఆరున్నరకి, అంటే నీకు రాత్రి తొమ్మిదికి, ఫోన్ చేస్తాను. వీడియో పెట్టు. క్యాలెండరు చూపించొద్దు. నీ మొహం కనపడితే చాలు.

అమ్మ