మీ స్టీరింగ్ నాబ్ డబ్బా మీద రాయని మాట గురించి

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: పవర్ స్టీరింగ్ లేని ట్రాక్టరుకు మీ నాబ్ బిగించుకుని చెయ్యి విరగ్గొట్టుకోవడం గురించి.

అయ్యా,

నేను కోనసీమలో వరి రైతుని. నా నాలుగున్నర ఎకరాలు కాక ఊళ్లో వాళ్లకి కిరాయికి దమ్ములు కూడా చేస్తాను, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నుతాను. ట్రాక్టరు మా నాన్నగారు 1998లో కొన్నది, పవర్ స్టీరింగ్ లేదు. దమ్ము చక్రాలు వేసి బురదలో దిగితే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి. కాలవ పూడిక తీయడానికి వచ్చిన జేసీబీ డ్రైవరు స్టీరింగ్ అంచుకు బిగించిన గుండ్రటి పిడి, అదే నాబ్, పట్టుకుని ఒంటి చేత్తో గిర్రున తిప్పేయడం చూసి, నాకూ అలాంటిది కావాలనిపించింది. మే నెలలో అమలాపురం స్పేర్ పార్టుల షాపులో మీ నాబ్ 480 రూపాయలకు కొన్నాను. డబ్బా మీద ట్రాక్టరు, కారు, జీపు, లారీ బొమ్మలు వేసి, అన్ని బండ్లకూ పనికొస్తుందని రాశారు.

మొదట్లో నాబ్ చాలా సుఖంగా ఉంది, ఆ మాట దాచను. మడి చివరికి వచ్చాక కుడి చేత్తో హైడ్రాలిక్ లీవర్ లాగి వెనక నేల దున్నే రోటవేటర్ ఎత్తుతూ, ఎడమ చేత్తో నాబ్ పట్టుకుని బండి తిప్పేసేవాణ్ణి.

జూలై 9 పొద్దున మా పక్క చేలో దమ్ము చేస్తున్నాను. మలుపు తిప్పుతుండగా గట్టు వార బురదలో మునిగి ఉన్న తాటి మొద్దుకు ముందు చక్రం తగిలింది. చక్రం విసురుగా పక్కకు తిరిగిపోయింది, దాంతోపాటే స్టీరింగూ తిరిగింది. నాబ్ నా గుప్పిట్లోంచి ఊడి, చెయ్యి వెనక్కి తీసుకునే లోపే చుట్టూ తిరిగొచ్చి బొటనవేలి మొదట్లో కొట్టింది. ఎలాగో క్లచ్ తొక్కి బండి ఆపాను. బోదెలో చెయ్యి కడుక్కుని చూస్తే వేలు ఉండాల్సిన వైపు లేదు. ఎక్స్‌రే తీస్తే బొటనవేలి అడుగు ఎముక విరిగిందని, మణికట్టులో ఇంకో ఎముక చిట్లిందని తేలింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. సార్వా నాట్లకి ఊరంతా ట్రాక్టరు కోసం ఎదురు చూసే రోజుల్లో నా బండి షెడ్డులో ఉంది. నా పొలానికే నేను కిరాయి ట్రాక్టరు పెట్టుకున్నాను.

ఈ బండి మీద డ్రైవింగ్ నేర్పేటప్పుడు మా నాన్న మొదట చెప్పిన మాట, "బొటనవేలు స్టీరింగ్ లోపలికి పెట్టకురా, తన్నిందంటే విరిగిపోద్ది" అని. ఇన్నేళ్లూ అలాగే నాలుగు వేళ్లు, బొటనవేలు ఒకే వైపు ఉంచి పట్టుకున్నాను. స్టీరింగ్ ఎప్పుడు తన్నినా చేతుల్లోంచి జారిపోయేది తప్ప దెబ్బ తగల్లేదు. నాబ్ ఉంటే అలా కాదు. పట్టుకుని ఉంటే విసురంతా మణికట్టు మీద పడుతుంది, వదిలేస్తే అదే తిరిగొచ్చి కొడుతుంది.

మా మెకానిక్ చూసి ఒక్క నిమిషంలో చెప్పాడు. నా ట్రాక్టరులో స్టీరింగ్ నుంచి ముందు చక్రాల దాకా గేర్లు, రాడ్లు నేరుగా కలిసి ఉంటాయి. చక్రానికి దెబ్బ తగిలితే అది స్టీరింగ్ దాకా వస్తుంది. జేసీబీలో మధ్యన ఉండేది రాడ్డు కాదు, ఆయిల్. కింది దెబ్బ ఆయిల్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే దానికి నాబ్ పెట్టినా ఆ డ్రైవరు చెయ్యి భద్రంగా ఉంది. ఊళ్లో మెకానిక్‌కి తెలిసిన ఈ సంగతి నాబ్ తయారు చేసే మీకు తెలియదంటే నేను నమ్మలేను.

మా అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికి ఇంకోటి చదివి వినిపించింది. అమెరికాలో నిర్మాణ పనుల భద్రతా నిబంధనల ప్రకారం, నేల మీది దెబ్బకి స్టీరింగ్ గిర్రున తిరిగిపోకుండా ఆపే ఏర్పాటు ఉన్న ఫోర్క్‌లిఫ్టు లాంటి బండ్లకే ఈ నాబ్ పెట్టాలట. అది కూడా స్టీరింగ్ అంచు దాటి బయటికి రాకూడదట. మీ క్లాంపు బిగిస్తే నాబ్ సగం బయటికే పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడి జనం దీన్ని సూసైడ్ నాబ్ అంటారని విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అలాంటి పేరున్న వస్తువు డబ్బా మీద ఒక్క హెచ్చరిక కూడా లేదు.

నాబ్ అమ్మొద్దని నేను అనడం లేదు. మా పెద్దమ్మ కొడుక్కి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పోయింది. పవర్ స్టీరింగ్ కారుకు ఇలాంటి నాబే పెట్టించుకుని ఒంటి చేత్తో నడుపుతున్నాడు. దాని వల్లే ఆయన మళ్లీ ఒకరి మీద ఆధారపడకుండా బయటికి వెళ్లగలుగుతున్నాడు. నాబ్ ఏ బండికి పనికొస్తుందో, ఏ బండికి పనికిరాదో మీరు చెప్పకపోవడమే నా బాధ.

నేను ఫోన్ చేస్తే మీ వాళ్లు "డ్రైవరు జాగ్రత్తగా ఉండాలి కదండీ" అని, కావాలంటే 480 వాపసు ఇస్తామన్నారు. నాకు ఆ 480 కోసం కాదు. 'పవర్ స్టీరింగ్ లేని బండికి బిగించరాదు' అని డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో, చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యే బొమ్మతో వేయండి. ఇప్పటికే షాపుల్లో ఉన్న సరుకు మీద ఆ స్టిక్కరు అంటించండి. పాత ట్రాక్టరుకని అడిగేవాళ్లకి అమ్మొద్దని డీలర్లకు రాతపూర్వకంగా చెప్పండి. మా చుట్టుపక్కల నాలాంటి పాత బండ్లు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని నడిపే వాళ్లలో పద్దెనిమిదేళ్ల పిల్లలూ ఉన్నారు.

ఆస్పత్రి ఖర్చు 14,600, కిరాయి ట్రాక్టరుకి 7,200 అయ్యాయి. బిల్లులు, ఎక్స్‌రే, డబ్బా ఫొటోలు జత చేశాను. సరైన వాడకం గురించి సూచనలు, హెచ్చరిక లేకుండా వస్తువు అమ్మి హాని జరిగితే తయారీదారుడిదే బాధ్యత అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తాను.

నాబ్ విప్పి ఇంట్లోనే ఉంచాను. క్లాంపు సందులో ఆ రోజు బురద ఇంకా అలాగే ఉంది. మీ ఇంజనీరుని పంపితే చూపిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు, కోనసీమ రైతు