రవీంద్ర భారతిలో నియమాలు ముందు వరుస నుంచే మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లోని రవీంద్ర భారతి లాంటి పాత కళాభవనాలకు వచ్చే ప్రేక్షకులకు క్రమశిక్షణ లేదని కళాకారులు తరచూ బాధపడుతుంటారు. ఫోన్లు మోగుతుంటాయని, నాటకం మొదలయ్యాక వచ్చి సీట్లు వెతుక్కుంటారని, తమ పిల్లల డాన్స్ అయిపోగానే తల్లిదండ్రులు లేచి వెళ్లిపోతారని అంటారు. అవన్నీ నిజాలే. ప్రేక్షకులకు నియమాలు ఉండాల్సిందేనని, గట్టిగా అమలు చేయాల్సిందేనని నేనూ అంటాను. అయితే వాటిని వెనక వరుసలో కూర్చున్నవాడితో మొదలుపెడితే ఎన్నాళ్లయినా అమలు కావు. నిర్వాహకులతో, ముఖ్య అతిథులతో, ముందు వరుస సోఫాలతో మొదలుపెట్టాలి. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి గుర్తుగా కట్టిన ఈ భవనాన్ని 1961 మేలో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. డిజైన్ చేసింది హైదరాబాద్ వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. అసెంబ్లీకి ఇంత దగ్గరగా, ఊరి నడిబొడ్డున, ప్రజల సొమ్ముతో నడుస్తున్న కళావేదిక ఇది. రవీంద్ర భారతిలో ఒక్కసారి ఆడితే చాలు అనుకునే నాటక సమాజాలు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇక్కడ గజ్జెకట్టి ఆడటం ఒక కల. ఇక్కడ ఏ పద్ధతి నడిస్తే మిగతా ఊళ్లలోని కళాక్షేత్రాలూ దాన్నే చూసి నేర్చుకుంటాయి. అందుకే ఈ భవనం పేరెత్తి రాస్తున్నాను.

మొదట సమయం సంగతి. మన ఆహ్వాన పత్రికల మీద ఒకటే టైమ్ ఉంటుంది, సాయంత్రం ఐదున్నర అనో ఆరు అనో. ఆ టైమ్‌కి మొదలయ్యేది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, బొకేలు, అధ్యక్షుల వారి మాట, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, గ్రూప్ ఫొటో. ఇవన్నీ అయ్యేసరికి గంటన్నరో రెండు గంటలో గడిచిపోతాయి. నాటకం చూద్దామని వచ్చే మనిషి నాలుగు సభలు చూశాక ఈ లెక్క నేర్చుకుంటాడు. కార్డు మీద ఆరు అని ఉంటే ఏడున్నరకు బయలుదేరతాడు. అతన్ని గుమ్మం దగ్గర ఆపి ఆలస్యంగా వచ్చావని మందలించడం న్యాయమా? ఆలస్యంగా రావడం అతనికి నేర్పింది మన సభలే.

నాటక పరిషత్తులు నడిపే పోటీల్లో నాటిక ఇన్ని నిమిషాల్లో ముగించాలని నిబంధన పెడతారు. నటులు ఆ నిబంధనకు కట్టుబడి రిహార్సల్స్ చేస్తారు, సీన్లు కత్తిరించుకుంటారు. అదే వేదిక మీద ఉపన్యాసానికి మాత్రం నిమిషాల లెక్క ఉండదు. అంటే సమయ నియమం మనకు తెలియనిదేం కాదు. తక్కువ బలం ఉన్నవాడి మీదే దాన్ని ప్రయోగిస్తున్నాం.

ఈమధ్య ఒక ఊళ్లో, పేరు అనవసరం, పద్య నాటకం చూడటానికి వెళ్లాను. నాటకం మంచి పట్టు మీద ఉంది. హార్మోనియం శ్రుతి అందుకుంది, నటుడు పద్యం ఎత్తుకోబోతున్నాడు. అంతలో ముఖ్య అతిథి వచ్చారంటూ మైకులో ప్రకటించి తెర దించేశారు. కుర్చీలు వేశారు, సన్మానాలు చేశారు, ప్రసంగాలు సాగాయి. మేకప్‌తో, కిరీటంతో ఆ నటుడు ఓ పక్కగా నిలబడి చూస్తూనే ఉన్నాడు. మళ్లీ తెర లేచాక ఆయన గొంతు ముందటిలా లేదు. సగం హాలు అప్పటికే ఖాళీ. దూరం వెళ్లాల్సినవాళ్లు చివరి బస్సు చూసుకోవాలి కదా, వాళ్లను తప్పు పట్టలేం. ఆ రోజు మోగిన ఫోన్లన్నీ కలిపినా నాటకానికి అంత నష్టం జరగలేదు.

కాబట్టి నా మొదటి సూచన ఇది. హాలు అద్దెకిచ్చేటప్పుడే రెండు సమయాలు రాయించుకోవాలి: సభ ఎప్పుడు, ప్రదర్శన ఎప్పుడు. రెండూ ఆహ్వాన పత్రిక మీద విడివిడిగా అచ్చు వేయాలి. ప్రదర్శన మొదలయ్యాక ఎవరొచ్చినా తెర దించకూడదు. మంత్రి గారు ఆలస్యమైతే నాటకం అయ్యాక మాట్లాడతారు, అప్పుడు ప్రేక్షకులూ శ్రద్ధగా వింటారు. ఈ నియమం తప్పిన సంస్థకు మళ్లీ హాలు ఇచ్చేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇవి అమల్లో పెట్టాక తలుపులు మూసేయమనండి, ప్రేక్షకుల తరఫున నేనే సమర్థిస్తాను. నృత్యానికైతే ఒక అంశానికీ మరో అంశానికీ మధ్య, కచేరీకైతే రెండు కీర్తనల మధ్య తలుపు తీసి లోపలికి పంపవచ్చు. నాటకానికి మాత్రం రంగం మారేదాకా ఆగాల్సిందే.

ఇది జరిగే పని కాదని పెదవి విరిచేవాళ్లు ఒకసారి బెంగళూరు చూడాలి. జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకరలో నాటకం చెప్పిన టైమ్‌కి మొదలవుతుంది, తర్వాత వచ్చినవాళ్లను లోపలికి పంపరు. ముంబైలో 1978 నుంచి నడుస్తున్న పృథ్వీ థియేటర్‌దీ అదే పద్ధతి. అక్కడి ప్రేక్షకులేమీ మనకంటే గొప్పవాళ్లు కారు. టైమ్‌కి తెర లేస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టి టైమ్‌కి వస్తున్నారు. అవి చిన్న హాళ్లు, టికెట్ కొని చూసే హాళ్లు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. మన దగ్గర చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం, 'అందరూ ఆహ్వానితులే' అని వేస్తారు. ఆ మాట అలాగే ఉండాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. చేతిలో డబ్బుల్లేని విద్యార్థి కూడా ఒక మంచి నాటకం చూడగలుగుతున్నాడంటే ఆ పద్ధతి వల్లే. ఉచితమైనా టైమ్ టైమే అని చెప్పడానికి టికెట్ అక్కర్లేదు.

ఇక ముందు వరుసలు. సోఫాలకు 'రిజర్వ్‌డ్' కాగితాలు అంటిస్తారు. అందులో కూర్చునే పెద్దలు సన్మానం కాగానే పరివారంతో సహా లేచి వెళ్లిపోతారు. ఆ తర్వాత నటుడు ఖాళీ సోఫాలకు నటించాలి. ఇరవయ్యో వరుసలో చూపు ఆనక, మాట సరిగా వినపడక అవస్థ పడుతున్న ముసలివాళ్లు ముందుకు వస్తే వాలంటీర్లు ఆపేస్తారు. వేదిక మీద ఉన్నవాళ్లకు ముందు వరుసలోని ముఖాలే కనిపిస్తాయి, వాళ్ల ఊపిరి కూడా అక్కడి నుంచే అందుతుంది. ప్రదర్శన మొదలైన పది నిమిషాలకు ఖాళీగా ఉన్న ఏ సీటైనా ఎవరైనా కూర్చోవచ్చు అని ఒక్క నియమం పెడితే చాలు. ముందుగా పెద్ద వయసు వాళ్లకు, నడవలేని వాళ్లకు ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫోన్ల విషయంలో మాత్రం నేను ప్రేక్షకుల వైపు మాట్లాడలేను. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, ఒక్కోసారి తల మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుని ఆడే పిల్ల కళ్లలోకి ఫ్లాష్ కొడితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించాలి. 1885లో కీచక వధతో మొదలై తరతరాలుగా కుటుంబాలే నడుపుతున్న సురభి నాటకాల్లో నారదుడు మేఘాల్లోంచి దిగుతుంటే ఆ అద్భుతమంతా తెరల్లో, తీగల్లో, వెలుగు నీడల లెక్కలో ఉంటుంది. చీకట్లో పది ఫోన్లు వెలిగితే ఆ లెక్క తప్పుతుంది, వాళ్ల శ్రమ మంటగలుస్తుంది. అసలు నడవాలో నిలబడి వీడియో తీసేవాళ్ల వెనక కూర్చున్నవాళ్లకు వేదికే కనపడదు.

కానీ తల్లిదండ్రుల ఆశను అర్థం చేసుకోకుండా నిషేధం పెడితే అదీ నిలవదు. కూతురి మొదటి ప్రదర్శన ఫొటో ఇంట్లో ఉండాలని ఎవరికి ఉండదు? నిర్వాహకులే ఒక కెమెరా పెట్టి అందరికీ వీడియో పంపాలి. ప్రదర్శన చివర పిల్లలందర్నీ వేదిక మీద నిలబెట్టి, లైట్లు వేసి, ఫొటోలకు కొంత సమయం ఇవ్వాలి. ఫొటో చివర్లోనే దొరుకుతుందని తెలిస్తే చివరిదాకా ఉంటారు కూడా. ఆఖరున ఆడే పిల్లలకూ నిండు హాలు దక్కుతుంది.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. నిశ్శబ్దం పాటించండి అనే బోర్డును కచేరీకీ పద్య నాటకానికీ ఒకేలా అంటించవద్దు. పద్యం చివర రాగం సాగదీసినప్పుడు చప్పట్లు కొట్టడం, వన్స్ మోర్ అని అరవడం మన నాటకంలో భాగం. ఆ కేక కోసమే నటుడు ప్రాణం పెట్టి పాడతాడు. దాన్ని అల్లరి అనుకుని పక్కవాణ్ని కసిరే కొత్త పెద్దమనుషులు ఈమధ్య తయారయ్యారు. వాళ్లకు తెలియజెప్పే పని కూడా ఆ నియమాల కాగితమే చేయాలి.

చిన్న పిల్లల్ని రానివ్వకూడదని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. పిల్లలు చూడకపోతే రేపు ఈ హాళ్లకు వచ్చేదెవరు? పసిపిల్లలతో వచ్చేవాళ్లకు తలుపు పక్క సీట్లు ఇస్తే, ఏడ్చినప్పుడు చప్పున బయటికి తీసుకెళ్లే వీలుంటుంది. తినుబండారాలు లోపలికి వద్దు, సరే. మంచినీళ్ల సీసా మాత్రం రానివ్వాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు మన ప్రేక్షకుల్లో ఎక్కువే. చక్రాల కుర్చీలో వచ్చేవారికి గేటు దగ్గర నుంచి సీటు దాకా, టాయిలెట్ దాకా అడ్డం లేని దారి ఉండాలన్నది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిందే. ఆ దారి ఏ వైపు ఉందో కూడా బోర్డు మీద రాయాలి.

చివరిగా గుమ్మం దగ్గర నిలబడే సెక్యూరిటీ మనిషి గురించి. రాసిపెట్టిన నియమం లేనప్పుడు భారమంతా అతని మీదే పడుతుంది. ఒకరిని పంపితే పంపావంటారు, ఆపితే నేనెవరో తెలుసా అంటారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పెద్ద అక్షరాలతో నియమాలు రాసి గేటు దగ్గర పెడితే, ఆ బోర్డు చూపించి అతను ఎవరికైనా వినయంగా కాదనగలడు. అందులో మొదటి వాక్యం అతిథుల గురించి, నిర్వాహకుల గురించి ఉండాలి, ఆ తర్వాతే ప్రేక్షకుల గురించి.

నాటక సమాజాల వాళ్లనీ, నాట్య గురువులనీ, రోజూ వచ్చి చూసే మామూలు ప్రేక్షకులనీ ఒకచోట కూర్చోబెట్టి ఈ నియమాలు రాయించమని భాషా సాంస్కృతిక శాఖను కోరుతున్నాను. ముసాయిదాను మీ పత్రికలో ప్రచురిస్తే జిల్లాల వాళ్లు కూడా తమ అభిప్రాయం చెబుతారు.

ఇట్లు,
ఒక నాటకాభిమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్