గ్రంథాలయ సెస్సు లెక్క చెప్పండి

సంపాదకుడు గారికి,

గ్రంథాలయ వారోత్సవాల మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. యువత సెల్‌ఫోన్లు పక్కన పెట్టి పుస్తకాలు చదవాలని వేదిక మీద పెద్దలందరూ చెప్పారు. ఆ పుస్తకాలు కొనాల్సిన డబ్బు ఎక్కడ ఆగిపోయిందో ఒక్కరూ చెప్పలేదు. మీ విలేకరీ అడగలేదు. అది చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు, అందుకే ఆలస్యమైనా రాస్తున్నాను.

ఇంటి పన్ను నోటీసులో గ్రంథాలయ సెస్సు కూడా కలిపి ఉంటుంది. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది వాళ్ల సొంత ఆదాయం కాదు. ఆరు వేలు పన్ను కట్టే ఇంటి నుంచి ఏటా 480 రూపాయలు వెళ్తుంది. 2021లో ఆస్తి విలువను బట్టి పన్ను వేసే పద్ధతి పెట్టాక ఏడాదికి 15 శాతం దాకా పెంచుకునే వీలొచ్చింది. పన్ను పెరిగితే సెస్సూ పెరుగుతుంది. గ్రంథాలయానికి మాత్రం ఏం పెరిగింది?

మా ఊరి శాఖా గ్రంథాలయం ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంది. గ్రూప్-2కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు తలుపులు తీయకముందే వచ్చి నిలబడతారు. కుర్చీ దొరకనివాళ్లు మెట్ల మీద కూర్చుంటారు. బీరువాలో ఉన్నవన్నీ పాత ఎడిషన్లే. పాలిటీ పుస్తకంలో మధ్య పేజీలు చిరిగిపోతే ఒకమ్మాయి వాటిని ఎక్కడో జిరాక్స్ తీయించి, దారంతో కుట్టి అందులోనే పెట్టింది, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయని. ఆ పిల్లకున్న బాధ్యతలో పదో వంతు ఆఫీసుల్లో ఉంటే నేను ఈ ఉత్తరం రాయక్కర్లేదు. కొత్త పుస్తకాలేవని అడిగితే “సెస్సు బకాయి వస్తేనే కదండీ” అంటారు లైబ్రేరియన్ గారు. ఆయన్ని అని లాభం లేదు, రెండు ఊళ్ల గ్రంథాలయాలు ఒక్కరే చూస్తున్నారు.

నేను పన్ను కట్టడం ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. మరి నా దగ్గర తీసుకున్న సెస్సును తమ దగ్గరే అట్టిపెట్టుకున్నవాళ్ల మీద వడ్డీ ఎవరు వేస్తారు? ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని సమాచార హక్కు కింద అడిగితే, దరఖాస్తును సంబంధిత విభాగానికి పంపామని ఒక కాగితం వచ్చింది. ఆ విభాగం నుంచి ఇంతవరకు ఏ కబురూ లేదు.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో డెన్వర్‌లో ఉంటారు. అక్కడ ఏడు కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, అమ్మకం పన్ను పడే వస్తువు ఏది కొన్నా పది డాలర్లకు ఒక సెంటు చొప్పున మ్యూజియాలకు, జంతు ప్రదర్శనశాలకు, బొటానికల్ గార్డెన్‌కు, నాటకాలకు, చిన్న చిన్న కళా బృందాలకు పోతుంది. 1988లో జనం ఓటు వేసి ఒప్పుకున్న పన్ను అది. దానికి గడువు ఉంటుంది. 1994లో, 2004లో, 2016లో మళ్లీ ఓటర్లనే అడిగి పొడిగించారు. ఇప్పటి గడువు 2030తో తీరుతుంది. మళ్లీ అడగాలంటే ఇచ్చిన డబ్బుతో ఏం చేశారో ముందు చూపించుకోవాలి. మనల్ని ఎవరూ ఏమీ అడగరు, ఏమీ చూపించరు. ఈ సెస్సు ఉండాలా వద్దా అని రేపు నన్ను అడిగినా ఉండాలనే ఓటేస్తాను. లెక్క మాత్రం కావాలి.

పార్కుల సంగతీ ఇంతే. మా కాలనీ లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ముందు వాటర్ ట్యాంకు కట్టారు, మిగిలిన చోట చెత్త బళ్లు పెడుతున్నారు. పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటుంటే బైకుల వాళ్లు తిడతారు.

1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన అయ్యంకి వెంకట రమణయ్య గారి తరానికి చట్టమూ లేదు, సెస్సూ లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి పల్లెలకు పంపారు. చందాలు పోగుచేసుకుని నడిపించారు వాళ్లు. ఇప్పుడు చట్టం ఉంది, డబ్బూ వసూలవుతోంది. అయినా ఒక పోటీ పరీక్షల పుస్తకం కొనలేకపోతున్నామంటే పన్ను కట్టేవాడికి కడుపు మండదా?

ప్రతి గ్రంథాలయం గోడ మీద ఒక బోర్డు పెట్టించాలి. ఈ ఏడాది మున్సిపాలిటీ వసూలు చేసిన సెస్సు ఎంత, సంస్థకు జమ చేసింది ఎంత, పాత బకాయి ఎంత అన్న మూడు అంకెలూ దాని మీద రాయాలి. ఇకమీదట వసూలైన సెస్సును ఏ నెలది ఆ నెలలోనే జమ చేయాలి. ఈలోగా మీరు ఒక విలేకరిని జిల్లాలోని మున్సిపల్ ఆఫీసులన్నిటికీ పంపి, ఆ అంకెలు అడిగించి, మళ్లీ అదే జిల్లా పేజీలో వేయమని కోరుతున్నాను. అడిగినా చెప్పని ఆఫీసులుంటే వాటి పేర్లు కూడా వేయండి.

– ఇంటి పన్ను కట్టే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు