గిగాబిట్ అని అమ్మిన రౌటర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ రౌటర్ నాట్ (ఒకే ఇంటర్నెట్ చిరునామాను చాలా పరికరాలు పంచుకునేలా చేసే పని) సామర్థ్యం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల కోసం స్టడీ హాల్ నడుపుతున్నాను. అరవై సీట్లు, 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. పెట్టె మీద "1 గిగాబిట్ నాట్ వేగం" అని చూసి, మా అవసరానికి మూడింతలు ఉందిలే అన్న ధైర్యంతో మార్చిలో మీ రౌటర్ కొన్నాను.

రోజూ సాయంత్రం ఏడు దాటి హాలు నిండిందంటే కొత్త పేజీ ఏదీ తెరుచుకోదు. అప్పటికే నడుస్తున్న వీడియో క్లాసు మాత్రం ఆగదు. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పావుగంట బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ అంతే. మొన్న ఒకమ్మాయి మాక్ టెస్ట్ అయ్యాక సబ్మిట్ నొక్కితే పోలేదు. రెండు గంటలు రాసింది పోయిందని ఏడ్చింది. ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మీ కాల్ సెంటర్ వాళ్లు నాలుగుసార్లూ లైనుదే తప్పన్నారు. లైనుకు నేరుగా ల్యాప్‌టాప్ తగిలించి చూశాం, 300 నిండుగా వచ్చింది. అప్పుడు రౌటర్ స్టేటస్ పేజీ చూస్తే సెషన్ల (ఒకేసారి తెరిచి ఉన్న కనెక్షన్ల) సంఖ్య 4,096 దగ్గర నిలిచిపోయి ఉంది. ప్రతి కనెక్షన్‌కూ నాట్ పట్టికలో ఒక వరుస కావాలి. ఒక్కో ఫోను డెబ్బై కనెక్షన్లు తెరిచినా అరవై మందికి ఆ పట్టిక చాలదు. అది నిండాక కొత్త కనెక్షన్‌కు చోటుండదు. ఈ 4,096 అన్న అంకె పెట్టె మీదా లేదు, మాన్యువల్‌లోనూ లేదు.

ఇంకొకటి. ఒక్కరే వేగమంతా లాగేయకుండా సీటుకింత అని పరిమితి పెట్టగానే మొత్తం వేగం 140కి పడిపోయింది, ప్రాసెసర్ 100 శాతం చూపించింది. పరిమితి పెడితే ప్యాకెట్లు (డేటా ముక్కలు) వేగంగా పంపే ప్రత్యేక హార్డ్‌వేర్ దారి వదిలి ప్రాసెసర్ గుండా పోతున్నాయన్నమాట. ఇది మీ ఇంజినీర్లకు తెలిసిన సంగతే. కొనేవాళ్లకు ఎందుకు చెప్పరు?

రౌటర్ మీద భారం ప్యాకెట్ల లెక్కన పడుతుంది. గిగాబిట్ లైను నిండా 1518 బైట్ల ఫ్రేములైతే (లైను మీద పోయే రూపంలో ప్యాకెట్లు) సెకనుకు దాదాపు 81 వేలు, అదే 64 బైట్లవైతే 14.88 లక్షలు. మీ అంకె ఏ సైజు ఫ్రేములతో, ఎన్ని సెషన్లతో కొలిచిందో రాయకపోతే నాలాంటివాడు దాన్నిబట్టి ఏం అంచనా వేసుకుంటాడు? సైజుల వారీగా కొలిచే పద్ధతి నెట్‌వర్క్ పరికరాలను పరీక్షించే తీరు చెప్పే 1999 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2544లోనే ఉంది కదా.

15 రోజుల్లో నా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. గరిష్ఠ సెషన్లు ఎన్నో, పరిమితులు ఆన్ చేస్తే వేగం ఎంతో ఇకనుంచి పెట్టె మీదే ముద్రించండి. లేదంటే దీన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనగా చూపి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. బిల్లు, స్టేటస్ పేజీ ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
స్టడీ హాల్ నిర్వాహకుడు,
అశోక్‌నగర్, హైదరాబాద్