ఒక్క సూది ఎప్పటికొస్తది బిడ్డా

హనుమకొండ
19 జనవరి 2026

బిడ్డా శ్రావణీ,

ఇక్కడ అందరం మంచిగున్నం. మీ బాపుకు షుగర్ దిగిందని సంబురపడేలోపల సంక్రాంతి వచ్చింది. నేను చూడకుండ అరిసెలు తిన్నడు. మర్నాడు మిషన్ల అంకె చూసి మిషనే పాడైందన్నడు. సకినాలు ఈసారి జర గట్టిగైనయ్. పిండి ఆరిపోయిందని నేను, మంట తక్కువైందని మీ పెద్దవ్వ, ఇంకా తెగలేదు ఆ పంచాయితి. ఎట్లున్నా రెండు డబ్బాలు కొరియర్‌ల ఏసిన. తొక్కు మాత్రం నూనె కారుతదని వాళ్లు తీసుకోలేదు. దాని బదులు చపాట మిర్చి కారం పెట్టిన. రంగు ఎక్కువ, మంట తక్కువ, నీ కడుపుకు అదే మంచిది.

ఫోన్‌ల చెప్తే అయిపోయేదానికి ఉత్తరమెందుకంటవు. ఫోన్‌ల అడిగితే "మంచిగనే ఉన్ననమ్మా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తవు. ఈ మధ్య ఆ మీటింగ్ ముచ్చట గూడ వినవడ్తలేదు. మెసేజ్ పెడితే టిక్కులు నీలమైతయ్, జవాబు రాదు. అందుకే కాగితం మీద రాసి చిన్నుతోటి ఫొటో కొట్టించి పంపుతున్న. కాగితాన్నైతే మధ్యల కట్ చెయ్యరాదు గదా.

అమెరికాల నీ టీకాల పని ఎట్ల నడుస్తుంది? ఊరికనే అడుగుతున్న.

మేడారం జాతర 28 నుంచి 31 దాక. ఇప్పటిసందే ములుగు తొవ్వంత బస్సులే. మీ బాపు నీ పేరు మీద నిలువెత్తు బంగారం, అంటే నీ ఎత్తు బెల్లం, ఇయ్యాలని మొక్కిండు, ఎందుకు మొక్కిండో నాకు చెప్పలేదు. నువ్విప్పుడు ఎన్ని కిలోలున్నవో చెప్తే అంత బెల్లం కొంటం. నిజం చెప్పు. పోయినసారి వీడియోల నీ దవడలు లోపలికి పోయి కనవడ్డయ్. లైటు సరిగ్గ లేదన్నవు, దవడలకు లైటుకు ఏం సంబంధమో.

సరోజ వదిన పండుగకు వచ్చింది, ప్రశాంత్‌ను వెంబడి తీసుకొని. వాడు న్యూజెర్సీ నుంచి నెల సెలవుల మీద వచ్చిండు. మాటల మాటల నీ ల్యాబుకు వచ్చే పైసలు ఆగస్టుల ఆపిండ్రని, నీ తోటోళ్లు వేరే కొలువులు చూసుకున్నరని, నువ్వు మాత్రం ఎవ్వరికి చెప్తలేవని అన్నడు. నేను వెంటనే "అవును, మా బిడ్డ ముందే చెప్పింది" అన్న. మరి ఏమనాలె? సరోజ వదిన నోట్ల నువ్వుగింజ నానదు, నీకు తెల్వందా. ఈపాటికి ఆ ముచ్చట కరీంనగర్ దాటి ఉంటది.

వాళ్లు పోయినంక చిన్నును కూసోవెట్టి ఫోన్‌ల వెతికించిన. 2025 ఆగస్టుల అమెరికా సర్కారు ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ అనే కొత్త పద్ధతి టీకాల ప్రాజెక్టులు 22 బంద్ పెట్టిందట, 50 కోట్ల డాలర్లకు దగ్గర. అదే సర్కారు అంతకుముందు మే నెలల ఇంకో 50 కోట్ల డాలర్లతోటి అన్ని రకాలకు పనికొచ్చే టీకాలు చేస్తమని చాటింది. అది పాత పద్ధతి, మొత్తం వైరస్‌ను బీటా ప్రొపియోలాక్టోన్ అనే మందుతోటి చంపి చేసేది. మన కొవాగ్జిన్‌ల వైరస్‌ను చంపింది గూడ ఆ మందే. వాళ్ల రాజకీయం వాళ్లది. నాకు కావాల్సింది ఒక్కటే, నీ పని ఆ 22ల ఉందా, లేదా?

నువ్వు పోయిన ఎండకాలం వచ్చినప్పుడు డాబా మీద పండుకొని చెప్పింది నాకు యాదికుంది. కొవిడ్ వైరస్ ఒంటి మీద స్పైక్ అనే కొమ్ములుంటయని, ఆ కొమ్ము కొసతోటే మన కణాన్ని పట్టుకుంటదని, వైరస్‌ను అడ్డుకోనీకి మన ఒళ్లు చేసే యాంటీబాడీలు ఎక్కువగ ఆ కొస మీదనే పడ్తయి కాబట్టి అది కొసనే మార్చుకొని తప్పించుకుంటదని. ఆల్ఫా, డెల్టా, ఒమిక్రాన్, జేఎన్.1 అని పేరు మారినప్పుడల్ల చీర మార్చినట్టు కొస మారుతది గని, కొమ్ము కింది భాగం నడక లెక్క, అంత తొందరగ మారదు.

అమెరికాల కాల్‌టెక్ యూనివర్సిటీ శాస్త్రవేత్త పమేలా బ్యోర్క్‌మన్ వాళ్ల ముచ్చట గూడ చెప్పినవు. కంటికి కనవడనంత చిన్న నానో కణం ఒకదాని మీద ఎనిమిది వైరస్‌ల కొసలు కలగలిపి అతికించిండ్రు. ఒకటి కొవిడ్‌ది, మిగతా ఏడు జంతువులల్ల తిరిగే దాని చుట్టాలవి. పక్కపక్కన ఒక్క తీరువి ఉండవు కాబట్టి, రెండు చేతులు చాపి రెండింటిని పట్టుకోగలిగిన బీ కణానికే, అంటే మన ఒంట్ల యాంటీబాడీలు చేసే కణానికే, పట్టు దొరుకుతది. అంటే అన్నిట్ల ఉమ్మడిగున్న భాగాన్ని గుర్తువట్టేదే పెరుగుతది. ఆ ఎనిమిదిట్ల లేని పాత సార్స్ వైరస్ నుంచి గూడ ఎలుకలను కాపాడిందని 2022ల సైన్స్ పత్రికల వచ్చిందంటివి. సింగపూర్‌ల 2003ల సార్స్ వచ్చి బతికినోళ్లు 8 మంది ఫైజర్ టీకా ఏసుకుంటే, వాళ్ల రక్తంల ఆ కుటుంబం వైరస్‌లను చాలావాటిని అడ్డుకునే యాంటీబాడీలు పుట్టినయంటివి. అంటే మనిషి ఒళ్లు ఆ పని చెయ్యగలదు, దానికి నేర్పే తీరే దొరకాలె. చెప్తుంటే నీ కండ్లు ఎట్ల మెరిసినయో నేను చూసిన. అంత ఇష్టమైన పని ఆగిపోతే ఆ బిడ్డ ఒక్కతే గదిల కూసోని ఏం చేస్తుందో అని నాకు నిద్ర వస్తలేదు.

లచ్చవ్వ సంగతి నీకు చెప్పిన్నో లేదో. గోవిందరావుపేట దిక్కు ఊరు, నేను నర్సుగ చేసిన సబ్‌సెంటర్ కిందిదే. 2021 ఏప్రిల్‌ల ఆమెకు కొవిషీల్డ్ మొదటి సూది ఏసిన. ఆరు వారాలకు రమ్మని చీటి రాసిచ్చిన. మే 13న పైనుంచి కొత్త ఆర్డర్ వచ్చింది, రెండు సూదుల నడుమ 12 నుంచి 16 వారాలు ఉండాలని. ముసలామెకు ఫోన్ ఎక్కడిది? మొదలు చెప్పిన తారీఖుకే ఎండల నడుచుకుంట వచ్చింది. ఇప్పుడు కాదవ్వా, మూడు నెలలకు అంటే, "మొన్న నెలన్నర అన్నవు, గిప్పుడు మూన్నెల్లంటున్నవు, రేపు ఏడాదంటవు. సూది మారిందా, నీ నోరు మారిందా నర్సమ్మా?" అని అందరి ముందట అడిగింది. డెల్టాతోటి ఊర్లె రోజుకో చావు కబురు వినవడ్తున్న దినాలవి. నాకు నోట మాట రాలేదు.

జులైల నేనే పోయిన. పత్తి చెల్కల కలుపు తీస్తుంది. టీకాల క్యారియర్ భుజానికేసుకొని గట్ల మీద నడిచి, ఆశ వర్కర్ కమలను వెంబడి పెట్టుకొని పోతే, మమ్ముల చూసి సాలు ఎంబడి ఇంకింత ముందుకు వంగుకుంట పోయింది, ఇనవడనట్టు. మేము సాలు చివర కూసున్నం. ఎంతసేపని వంగుతది? నడుము లేపింది. "గిది డెల్టాదా, పాతదా?" అని అడిగింది, మనుమడు ఫోన్‌ల వినిపించిండట. ఏసిన. అయింది అనుకున్న. 2022 ఏప్రిల్‌ల మూడో సూదికి మళ్ల నేనే పోయిన. ఈసారి మిర్చి కల్లంల దొరికింది. అప్పటికి ఒమిక్రాన్ వచ్చి పోయింది, నా చేతుల సీస మాత్రం మొట్టమొదటి వైరస్‌ను చూసి చేసినదే. ప్రాణం మీదికి రాకుండ కాపాడుతదవ్వా అన్న, అది అబద్ధం కాదు. ఆమె ఏమన్నదంటే, "నర్సమ్మా, ఏసినప్పుడల్ల నాకు చెయ్యి గుంజుతది, జరమొస్తది, రెండొద్దుల కూలి పోతది. నీ బిడ్డె గీ మందుల చదువే చదువుతుందంటివి గదా. దాన్ని అడిగి అన్నిటికి కలిపి ఒక్కటే సూది చేపియ్. గది ఏసుకొని సస్త." అంటనే చెయ్యి చాపింది. పోతుంటే నా కొంగుల పిడికెడు మిర్చి పోసింది.

ఆమె ఇంక బతికే ఉంది. మొన్న కలిసి "నీ బిడ్డె సూది ఏడిదాక వచ్చింది?" అంటది. ప్రశాంత్ చెప్పింది నిజమైతే ఆమెకు ఏం చెప్పాలె?

ఇగో, చెప్పొద్దనుకుంటనే చెప్తున్న. ఫ్లూ టీకా 1940లల్ల వచ్చింది. ఇప్పటికీ ఏటా మార్చుడే. అన్ని ఫ్లూలకు ఒక్కటి అని అప్పటిసంది వెతుకుతనే ఉన్నరు. తట్టుకైతే ఒక్క తీరు టీకానే నా కొలువు మొదలైన కాడికెల్లి రిటైరయ్యేదాక ఏసిన, ఎందుకంటే ఆ పురుగు మారేది కాదు. మారేదాంతోటి కొట్లాట అట్లనే ఉంటది. అసుంటి పనిల పైసలు ఆగినయంటే అది నీ తప్పెట్లయితది? పదో తరగతిల లెక్కల మార్కులు తగ్గినప్పుడు గూడ గిట్లనే ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాల దాచిపెట్టినవు. నేను బియ్యం కొలవంగ దొరికింది.

ఇంకోటి గూడ ఇను. మీరు యాంటీబాడీల లెక్కలే చూస్తరు. నాకు కనవడేది టీకాలు మోసే డబ్బా. మైనస్ 70 డిగ్రీల పెట్టే మందు మా సబ్‌సెంటర్ల నడవది. 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఐఎల్‌ఆర్ అనే టీకాల ఫ్రిజ్‌ల నిలిచేది, ఐస్ ప్యాకులు కరిగేలోపల చెల్క దాక చేరేది చెయ్యిండ్రి. అంత పెద్ద చదువులోళ్లు ఈ ముచ్చట ఆఖరుకు ఆలోచిస్తరు, మొదలు ఆలోచించాలె. ఒమిక్రాన్‌తోటి కథ అయిపోయిందనే తెలివితక్కువోళ్ల మాట గూడ పట్టించుకోకు. 2002ల సార్స్, 2012ల మెర్స్, 2019ల ఇది, ఇరవై ఏండ్లు తిరగకముందే ఒక్క కుటుంబపు వైరస్‌లే మూడు దునికినయ్. నాలుగోది మనల్ని అడిగి వస్తదా?

అక్కడ్నే ఉండాలని ఏం లేదు. 2022ల సెపి అనే సంస్థ ఇసుంటి టీకా కోసమే 1.93 కోట్ల డాలర్ల దాక ఇస్తమన్నది, మన శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీల ఉన్న భారత్ బయోటెక్‌కు, సిడ్నీ యూనివర్సిటీకి, స్విట్జర్లాండ్ కంపెనీ ఒకదానికి కలిపి. శామీర్‌పేట నుంచి హనుమకొండ ఎంత దూరం, పొద్దున బస్సెక్కితే పగటి బువ్వకు ఇంట్ల ఉంటవు. రమ్మంటలేను. వస్తే వద్దంటలేను.

కొలువు పోతే వీసాకు 60 రోజులే టైము అని ప్రశాంత్ అన్నడు. ఆగస్టు నుంచి లెక్కవెడితే నాకు చెమటలు పట్టినయ్. మళ్ల అనుకున్న, నువ్వింకా బాల్టిమోర్‌లనే ఉన్నవంటే జీతం ఏదో తీరుగ వస్తున్నట్టే. నీది ఏ వీసానో, ఎప్పటిదాక ఉన్నదో అది జర రాయి. పైసలు కావాలంటే అడుగు. నా గ్రాట్యుటీ పైసలు డిపాజిట్‌లనే ఉన్నయ్, మీ బాపు స్లాబ్ మీద రూము ఏస్తనంటే నేనే ఆపిన.

గురువారం పొద్దున తొమ్మిదికి మీ బాపు కంటి దవాఖానకు పోతడు, చిన్ను కాలేజీకి. ఇంట్ల నేనొక్కదాన్నే. నీకు బుధవారం రాత్రి పదిన్నర అయితది. అప్పుడు చెయ్. తిన్నంకనే చెయ్, బ్రెడ్డు తిన్న అంటే లెక్కల పట్టను. మంచువడ్తుంటే ల్యాబ్ నుంచి రాత్రిపూట నడుచుకుంట రాకు. ఆ పంటికి చూపిచ్చుకున్నవా, లేకుంటే ఇంకా ఒక్క దిక్కే నములుతున్నవా?

మీ అమ్మ