విత్తన దుంపల మట్టి పరీక్షను కఠినం చేయాలి

సంపాదకులకు,

బంగాళాదుంప మొక్కలు అక్కడక్కడా గిడసబారి పసుపెక్కాయని రైతు గమనించేసరికి తిత్తి నెమటోడ్ అనే, వేళ్లను ఆశించే కంటికి కనిపించనంత చిన్న పురుగు ఆ నేలలో ఏళ్ల తరబడి పెరిగి ఉంటుంది. చనిపోయిన ఆడపురుగు శరీరమే గట్టి తిత్తిగా మారి, వందలాది గుడ్లను 20 ఏళ్లకు పైగా కాపాడగలదు. మందుతో దీన్ని పూర్తిగా నిర్మూలించలేం. అందుకే దుంపలు నాటడానికి ముందే చట్టం పనిచేయాలి.

ఐరోపా సమాఖ్య నిబంధన ఇక్కడ మంచి కొలమానం. విత్తన దుంపలు వేసే పొలంలో సాధారణంగా హెక్టారుకు కనీసం 100 చోట్ల నుంచి మొత్తం 1,500 మిల్లీలీటర్ల మట్టి తీసి పరీక్షించాలి. తిత్తులు గుంపులుగా ఉంటాయి కాబట్టి గట్టు పక్కన నాలుగు గుప్పిళ్లు తీస్తే లాభం లేదు. నమూనాలు పొలమంతటి నుంచీ రావాలి. పురుగు బయటపడిన పొలంలో విత్తన దుంపలు వేయకూడదు.

నిబంధన ఎక్కువగా నీరుగారేది మట్టి రవాణా దగ్గరే. దుంపలు గ్రేడింగ్ చేసేచోట రాలిన మట్టిని తిరిగి పొలాల్లో పోస్తే పరీక్షంతా వృథా. యంత్రాలు, డబ్బాలు, బూట్లు కడిగాకే పొలం దాటాలి. పంట మార్పిడి కాలంలో వాటంతటవే మొలిచే దుంప మొక్కలను పీకేయకపోతే పురుగుకు మేత ఆగదు. టమాటా, వంగ కూడా దానికి ఆశ్రయమే.

పురుగును తట్టుకునే నిరోధక దుంప రకాలనూ పురుగు జాతిని బట్టే ఎంచాలి; ఇందులో బంగారు, తెల్ల అని రెండు ముఖ్య జాతులున్నాయి. హెచ్1 అనే నిరోధక జన్యువున్న రకం బంగారు నెమటోడ్‌ను అడ్డుకున్నా తెల్ల నెమటోడ్‌ను ఆపలేదు. అందువల్ల పరీక్ష నివేదికలో జాతి పేరు రాయడం తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకుడు