చంద్రగిరికి అరగంటేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న సెలవుల్లో ఇంటిల్లిపాదీ తిరుమలకు వెళ్లాం. దర్శనం మరుసటి రోజుకు పడింది. ఊరికే లాడ్జిలో ఎందుకు కూర్చోవాలని, చుట్టుపక్కల ఊళ్లు చూపించే ఒక వ్యాను మాట్లాడుకున్నాం. చంద్రగిరి కోట దగ్గర ఆపి "అరగంటలో వచ్చేయండి సార్" అన్నాడు డ్రైవరు.

నేను ఇళ్లు కట్టి బతికే మేస్త్రీని. రాజమహల్ కింది అంతస్తు చూడ్డానికే నాకు ఆ అరగంట చాల్లేదు. మూడంతస్తుల మహల్. రాయి, ఇటుక, సున్నం తప్ప ఎక్కడా కొయ్య వాడలేదు. మరి దూలాలు లేకుండా పై అంతస్తులు ఎట్లా నిలిచాయంటే, అంతా కమానుల మహిమ. పై బరువును కమాను రెండు పక్కలకూ తోస్తుంది, లావాటి స్తంభాలు దాన్ని పునాదికి దించుతాయి. మా కుర్రాళ్లకు శ్లాబులో కడ్డీ తగ్గితేనే టెన్షన్! ఇంకో చిత్రం, కమానులేమో సుల్తానుల తీరు, మిద్దె మీద శిఖరాలేమో మన గుడి గోపురాల తీరు. పైన రాజులు కొట్టుకుంటున్నా, కింద మేస్త్రీలు ఒకరి పని ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారన్నమాట.

లోపల మ్యూజియంలో శిల్పాల ముందు మా అమ్మాయి నిలబడి చదువుతుంటే బయట హారన్ మొదలైంది. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత విజయనగర రాయలు పెనుకొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి రాజధాని మార్చారని, 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసులో స్థలమిచ్చిన దామెర్ల నాయకులు ఈ రాయల సామంతులేనని వ్యానులో కూర్చున్నాక తను చెప్పింది. పక్కనే ఉన్న రాణీమహల్‌ను మా ఆవిడ దూరం నుంచే చూసింది. మహల్ ముందు పచ్చిక ఉంది, చెట్ల నీడ ఉంది, వెనక కోట కొండ. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అక్కడ హాయిగా కూర్చుని ఉండేది, మేం తీరిగ్గా చూసుకునేవాళ్లం.

వ్యానువాళ్లకు మొక్కుబడిగా నాలుగు చోట్లు తిప్పితే చాలు. అందుకే మీకో మనవి. సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో పత్రికల్లో రోజూ చూస్తుంటాం. దాని కిందే చంద్రగిరి గురించి రెండు లైన్లు వేయండి: మ్యూజియానికి ఏ రోజు సెలవు, సాయంత్రం ఎన్నింటికి మూస్తారు, తిరుపతి నుంచి బస్సు ఎక్కడ ఎక్కాలి. తిరుపతికి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. శ్రీనివాస మంగాపురం గుడి, శ్రీవారి మెట్టు కూడా ఆ వైపే. టోకెన్ తీసుకుని టైము కోసం ఎదురుచూసే వాళ్లు పొద్దున్నే బస్సులో వెళ్లి, పూట అక్కడే ఉండి రావచ్చు.

ఇట్లు,
ఒక భవన నిర్మాణ మేస్త్రీ,
మదనపల్లె